బజ్జీల నూనె జీపులో పెళ్లిచూపులు

జ్యేష్ఠమాసం, ఆదివారం. హాజరైనవారు: అమ్మ, అక్క, బావ, నేను, బావ జీపు. (జీపుని మనుషుల్లో కలిపానని నవ్వకండి. ఆ రోజు నాకన్నా దాన్నే ఎక్కువమంది చూశారు.)

ఆ రోజుల్లో డీజిల్ ధర పెరిగినప్పుడల్లా మా బావకి దేశభక్తి పెరిగేది. ఇప్పుడు నేను చప్పుడూ వాసనా లేని బ్యాటరీ స్కూటర్ మీద బందరు వీధుల్లో పెద్దమనిషిలా తిరుగుతున్నాను గానీ, మా ఇంట్లో బంకు మీద మొదట తిరగబడింది బావే. కోనేరు సెంటర్లో బజ్జీల బండివాడు పారబోసే మాడునూనె తెచ్చి, పాత పంచెలో వడగట్టి, కాస్త డీజిల్ కలిపి జీపులో పోసేవాడు. "పరాయి దేశపు నూనెకి మనమెందుకురా దణ్ణం పెట్టాలి, బామ్మర్దీ?" అనేవాడు.

అవనిగడ్డలో నా పెళ్లిచూపులకి ఆ జీపులోనే బయల్దేరాం. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఫొటోలో ఈ అమ్మాయిని చూశాక ఇదీ తప్పితే సన్యాసమే అనుకున్నాను. మోపిదేవి దాటేసరికి మా వెనక బస్సులో జనం తలలు బయటపెట్టి గాలి పీలుస్తున్నారు. అమ్మాయి వాళ్ల వీధిలోకి తిరగ్గానే పిల్లలు "బజ్జీల బండొచ్చింది!" అని వెంటపడ్డారు.

లోపల అమ్మాయి తల్లిగారు మిరపకాయ బజ్జీల పళ్లెం తెస్తూ, మా బట్టల వాసనకి ఆగిపోయారు. "దారిలోనే కానిచ్చుకుని వచ్చారా అండీ? మా ఇంట్లో పెట్టరనుకున్నారా?" (పెళ్లిచూపులకి బయట తినొచ్చారంటే మా వైపు అంతకన్నా అవమానం లేదు.) "అయ్యో వదినగారూ, మంచినీళ్లు కూడా తాగలేదు!" అంది అమ్మ. "తిన్నది జీపండీ" అన్నాడు బావ. వెటకారమనుకుని అమ్మాయి నాన్నగారు కుర్చీలోంచి లేచారు. ఇక ఆకలి రుజువు చెయ్యడం తప్ప దారి లేదు. పళ్లెం లాక్కుని తినడం మొదలుపెట్టాను. ఖాళీ అయింది. ఇంకోటి వచ్చింది. అదీ ఖాళీ చేశాను. అప్పుడు అమ్మాయి వచ్చింది. మిరపకాయల కారానికి నా కళ్లనిండా నీళ్లు, పచ్చచీర తప్ప ఏమీ కనపడలేదు. "ముందు మజ్జిగ తాగండి" అంది.

మర్నాడు పొద్దున్నే వాళ్ల మనిషి బస్సులో వచ్చాడు. "అమ్మాయికి ఇష్టమేనండి. పెళ్లికి మాత్రం డీజిల్ పోసుకుని రమ్మన్నారు. పిలవనివాళ్లంతా వాసన పట్టుకుని వచ్చేస్తే భోజనాలు చాలవట."

బావ నన్ను ద్రోహి అన్నాడు. నేను అప్పటికే డబ్బా పట్టుకుని బంకు దగ్గరున్నాను, ఆ డీజిల్ వాసన సంపెంగపూల వాసనలా పీలుస్తూ, పిచ్చివాణ్ణి.