టీచరమ్మ సగంలో ఆపిన కథ

మా టీచరమ్మ పోయిందని దుమ్ముగూడెం బస్టాండుల సోడాలమ్మే ఆయన చెప్పిండు. నా చేతిల మిఠాయి డబ్బా ఉన్నది. పక్కన నా బిడ్డ. పాత ఇంగ్లీషు నవలల్లో ఆడోళ్ల బతుకు మీద పరిశోధన చేసింది, ముందురోజే డాక్టరేటు వచ్చింది. ఆ సంగతి టీచరమ్మకు చెప్పాలని సంబరంగా ఖమ్మం నుంచి మొదటి బస్సెక్కినం. "తెల్లారగట్లనే పోయింది" అన్నడాయన.

నేను ఏడో తరగతి దాకా చదివినోణ్ణి. పెద్ద మాటలు రావు, చూసింది రాస్తున్న.

అప్పట్ల నేను తునికాకు కల్లేదారును, బీడీల ఆకు కట్టలు లెక్కబెట్టి కొనేటోణ్ణి. ఆడోళ్లు అడవిల ఆకు కోసి, కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి తెచ్చి వరుసల కూచునేటోళ్లు. ఎండాకాలం సెలవులు గనక ఇంగ్లీషు టీచరమ్మ పీట తెచ్చుకుని వాళ్ల నడుమ కూచునేది. మొగుడు పోయిన మనిషి. మెడల చిన్న సిలువ. తెల్లోళ్ల రాణి ఏలిన నాటి ఇంగ్లీషు కథలు తెలుగుల చెప్పేది. చెప్తూనే, ఎవరి కట్ట వదులైతే దాన్ని బిగించేది.

"ఆ కాలంలో పెళ్ళయితే ఆడదాని ఆస్తి మొగుడిదే. పుస్తకం రాసినా కొందరు మగవాడి పేరు పెట్టుకునేవాళ్ళు."

"మరి రాణిది గూడ మొగుడే గుంజుకున్నడా?" అన్నదొకామె. అందరూ నవ్విన్రు. ఆమె నా దిక్కు తిరిగి, "ఆకు కోసేది మేము, కట్టల లెక్క రాసే కార్డుల మీద పేర్లు మా మొగుళ్లవి. గిదేంది కల్లేదారన్నా?" అన్నది. నేను తలొంచుకున్న.

ఒకనాడు టీచరమ్మ ఒక పాదిరి బిడ్డ కథ చెప్పింది. తండ్రికి చూపు పోతే ప్రసంగాలన్నీ ఆ పిల్లే రాసేది, మెప్పంతా తండ్రికి. ఒక షావుకారు పెళ్ళాడతనన్నడు, గని కలం ముట్టొద్దన్నడు. ఆమె ఇల్లొదిలి పోదామని పెట్టె పట్టుకుని రైలు స్టేషన్ల నిలబడ్డది. అక్కడ ఆపింది టీచరమ్మ.

అదంతా నిజమనుకున్న నేను. "ఆమె ఇప్పుడెక్కడున్నది టీచరమ్మా? ఉత్తరం గిట్ల రాసిందా?" అని అడిగిన. ఆమె నవ్వలే.

"మిగతాది పుస్తకంలో ఉంది అన్నయ్యా. మీ అమ్మాయిని కాలేజీకి పంపండి, చదివొచ్చి చెప్తుంది."

బిడ్డ అప్పుడే పది పాసయింది. ఎర్రుపాలెంల సంబంధం ఖాయం చేద్దామనుకుంటున్న. "పంపు అన్నా, ఆ పిల్ల ఏమైందో మాకు తెల్వాలె!" అని కల్లమంతా మీద పడ్డది. పంపిన.

మూడేండ్లకు ఆ పుస్తకం చదివి, బిడ్డ కల్లంల నిలబడి చెప్పింది. "రైలెక్కలేదు. ఇంటికి పోయి షావుకారును చేసుకున్నది."

ఆడోళ్లు ఆ షావుకారును తిట్టిన తిట్లు రాయలేను. నేను పోయి టీచరమ్మ మీద కోపం చేసిన.

"చివర ముందే చెప్తే పంపేవారా అన్నయ్యా?" అన్నది.

ఆ ఏడు ఇంకో సంబంధం వస్తే నేనే వద్దన్న. బిడ్డ ముందుకే చదివింది. ఎంత చేసిందమ్మా మాకు! చేతులెత్తి ఒక్కసారన్నా దండం పెట్టలే నేను.

మేం పోయేసరికి శవప్పెట్టె మూసేటందుకు తయారుగున్నరు. నా బిడ్డ మోకాళ్ల మీద కూచుని, టీచరమ్మ చెవి కాడ నోరు పెట్టి, ఇంగ్లీషుల చెప్పబట్టింది. చానా సేపు చెప్పింది. నాకొక్క ముక్క అర్థం కాలే. నడుమ ఒకసారి నవ్వింది గూడ, కండ్లనీళ్లు కారుతుంటే. నలుగురు మగోళ్లు మూత పట్టుకుని ఎండల నిలబడ్డరు. చెమటలు కారుతున్నయ్. ఇగ చాలమ్మా అని ఎవ్వరూ అనలే.