పిన్ని పేజీ మీద శుభలేఖ

మొన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చబోతుంటే ఫోను టింగుమంది. మా ఊరి పక్కనే కుమ్హారిలో ఉంటున్న మా దూరపు చుట్టాలింట పెళ్ళట, శుభలేఖ పంపారు. ఈ రోజుల్లో శుభలేఖంటే ఏముంది, నీలం రంగులో ఒక వరస అక్షరాలు, వాటి మీద వేలు పెడితే సన్నాయి మోగి, వధూవరులిద్దరూ పూలవానలో తేలుతూ వస్తారు. మా తెలుగువాళ్ళ గ్రూపులో అందరూ చకచకా నొక్కి చూసేసి, దండాలు పెట్టే బొమ్మలు కూడా పంపేశారు. నేను మాత్రం వేలు దగ్గరదాకా తెచ్చి ఆపేశాను. నా ఈడు వాళ్ళకి మోకాళ్ళ మూలాన మెట్లంటే భయం, బీపీ మూలాన ఉప్పంటే భయం; నాకు ఆ రెండింటితోపాటు పెళ్ళి లింకంటే కూడా భయం. నొక్కితే అవతల ఏం తెరుచుకుంటుందోనని. నవ్వకండి, ఎందుకో చెబుతాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, భిలాయిలో మనవాళ్ళు సగంమందికి ఇందులో సగం సంగతి తెలుసు. మిగతా సగం కూడా తెలిస్తేనే న్యాయమని ఈ వయసులో అనిపిస్తోంది.

మా నాన్న విజయనగరం పక్క పల్లె నుంచి రేకు పెట్టె పట్టుకుని వచ్చి ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయి ఉక్కు ప్లాంటులో చేరిన మనిషి. అదే పల్లె నుంచి అదే రైల్లో ఆయనతోపాటు వచ్చిన మరొకాయన మాకు చిన్నాన్న అయ్యాడు. రక్తసంబంధం లేదు, కులం కూడా ఒకటి కాదు, కానీ పరాయి ఊళ్ళో ఒకే యాస మాట్లాడేవాళ్ళకి చుట్టరికం కలవడానికి ఎంతసేపు! నాన్నకి పక్కా ఉద్యోగం, ప్లాంటువాళ్ళ సెక్టారులో క్వార్టరు; చిన్నాన్నకి ఠేకేదారు అనే కాంట్రాక్టరు కింద కూలిపని, ఖుర్సీపార్‌లో రేకుల ఇల్లు. ఆయన భార్య మా పిన్ని. అమ్మకి ఉబ్బసం తిరగబెట్టినప్పుడల్లా ఆవిడ ఖుర్సీపార్ నుంచి నడిచి వచ్చి మాకింత వండిపెట్టి, నా తలలో పేలు చూసి, రెండు జడలూ బిగించి అల్లి, పొద్దు వాలకముందే నడిచి వెళ్ళిపోయేది. మనవాళ్ళిళ్ళలో ఏ పెళ్ళైనా పసుపు దంచేటప్పుడు మొదటి పోటు పిన్నిదే పడాలి. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. మా పెద్దన్నయ్య పెళ్ళికీ ఆవిడే రోకలి పట్టింది.

చదువు అయ్యాక నేను కంప్యూటరు నేర్చుకుని, ఖుర్సీపార్ బజారులో చిన్న గది అద్దెకి తీసుకుని తెలుగు టైపింగు మొదలుపెట్టాను. అప్పట్లో భిలాయిలో తెలుగు అక్షరాలు కొట్టి శుభలేఖ వేసి ఇచ్చేవాళ్ళు దుర్భిణీ వేసి వెతికినా దొరికేవారు కారు. రాయపూర్‌లో అచ్చు వేయిస్తే ఒత్తులన్నీ ఊడిపోయి వచ్చేవి. అలా నా కొట్టుకి గిరాకీ పెరిగింది, దాంతోపాటు నాకు కొమ్ములూ మొలిచాయి. కార్డులతో ఆగక, మనవాళ్ళ కోసం ఒక వెబ్‌సైటు తెరిచాను. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, బారసాలలు, పెదకర్మలు, ఎవరింట్లో ఏ కార్యమైనా అందులో ఒక పేజీ. కింద ఎవరైనా నాలుగు మాటలు రాసే వీలుండేది. సెక్టార్ల వాళ్ళూ, భిలాయి-3లో రైల్వే వాళ్ళూ, తిరిగి శ్రీకాకుళం వెళ్ళిపోయిన వాళ్ళూ అందరూ అక్కడ కలిసేవారు.

పిన్ని జ్వరంతో నాలుగు రోజులు మంచం పట్టి పోయినప్పుడు ఆవిడ పెదకర్మ పిలుపు కూడా నేనే పెట్టాను. ఎక్కడెక్కడి వాళ్ళో దాని కింద రాశారు. తన మొదటి కాన్పుకి పురుడు పోసింది ఆవిడేనని ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ కూతురి చేత హిందీలో రాయించింది. చలికాలం మొదటి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళకి గుమ్మంలో నిలబడి టీ పోసేదని ఒకాయన రాశాడు. చిన్నాన్నకి చదువు రాదు. అప్పుడప్పుడు సైకిలు మీద నా కొట్టుకి వచ్చి, బల్ల మీద కూర్చుని, ఆ మాటలు చదవమనేవాడు. నేను చదువుతుంటే తల వంచుకుని వినేవాడు. విన్నవే మళ్ళీ వినేవాడు.

ఇక అసలు గొడవకొస్తాను. మా సైటు మొదట్లో ఊరికే దొరికిన అడ్రసులో ఉండేది. తర్వాత సొంత అడ్రసు కొన్నాను. పాతది తీసెయ్యడానికి ప్రాణం ఒప్పక రెండూ ఉంచాను, ఒకే విషయం రెండు చోట్లా పెట్టేదాన్ని. ఒకచోట ముహూర్తం దిద్ది రెండోచోట మరిచిపోయేదాన్ని, జనం తప్పుడు వేళకి వచ్చి నన్ను తిట్టిపోసేవారు. పైగా వెతికితే పాతదే పైకి వచ్చేది, కొత్తదాన్ని చూసే నాథుడు లేడు. సైటుకి చోటు అద్దెకిచ్చిన రాయపూర్ కుర్రాడు ఫోనులో నవ్వాడు. "దీదీ, ఏక్ హీ మాల్ దో దుకాన్ మే రఖోగీ తో గ్రాహక్ కహాఁ జాయేగా?" అన్నాడు. ఒకే సరుకు రెండు కొట్లలో పెడితే బేరగాడు ఎటు పోతాడని. పాత అడ్రసుకి వచ్చినవాళ్ళని వచ్చినట్టే కొత్తదానికి పంపించే ఏర్పాటు, రీడైరెక్టు అంటారు దాన్ని, ఎలా పెట్టాలో చెప్పాడు. అది శాశ్వతమైన మార్పని రాయమన్నాడు. జాగ్రత్త దీదీ, ఏ పేజీకి ఆ పేజీ సరిచూసుకుని రాయండి అని కూడా అన్నాడు. నాకొకడు చెప్పేదేమిటని ఆ చివరిమాట పెడచెవిన పెట్టాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెద్దన్నయ్య కూతురి పెళ్ళి కుదిరింది. విజయనగరం సంబంధం. శుభలేఖ పాత అడ్రసులో పెట్టి, లింకు చుట్టాలందరికీ పంపించాను. పాత చోట పేజీలకి వచ్చిన వరసలో నంబర్లుండేవి; అది అందరికన్నా చివర వచ్చింది కాబట్టి చివరి నంబరు దానిదే. కొత్త చోట మాత్రం నేను పద్ధతిగా సర్దాను, శుభకార్యాలన్నీ ముందు, కర్మలన్నీ చివర. మన ఇళ్ళలో అలాగే కదా, శుభలేఖల పక్కన కర్మ కార్డు పెట్టనిస్తామా? అలా సర్దడంతో నంబర్లన్నీ మారిపోయాయి. ఆ సంగతి ఆలోచించకుండా, పాత నంబరుకి వచ్చినవాళ్ళు కొత్త చోట అదే నంబరుకి వెళ్ళాలని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నాను. ఇకమీదట ఏదైనా ఒక్కచోటే ఉండాలని, పాత చోట ఉన్నదంతా తుడిచేశాను కూడా. ఎంత పొంగిపోయానో ఆ పూట!

మర్నాడు పెళ్ళికొడుకు తండ్రి ఫోను చేశాడు.

"ఏటమ్మా ఇది? పెళ్ళి పిలుపని నొక్కితే పెదకర్మ పిలుపొచ్చింది! దండేసిన ఫొటో! మా ఇంట్లో ఆడోళ్ళు ఒకటే ఏడుపు. మీ కాడ ఇదేటి పద్ధతమ్మా?"

కొత్త చోట చివరి నంబరు మా పిన్నిది. నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే తప్పు దిద్ది, బావగారూ ఇప్పుడు చూడండి, సరైపోయింది అని ఫోను చేశాను. ఆయన చూశాడు. మళ్ళీ పిన్నే. శాశ్వతమని ఒకసారి చెబితే, చూసినవాళ్ళ ఫోను ఆ మాట నమ్మి దాచుకుంటుందట, రెండోసారి మనల్ని అడగకుండా మొదట వెళ్ళిన చోటికే తీసుకుపోతుందట. ఈ ముక్క నాకు అప్పటికి తెలియదు. అదివరకు చూడనివాళ్ళకి పెళ్ళి కనిపిస్తోంది, చూసినవాళ్ళకి కర్మ కనిపిస్తోంది. కావాలని ఎవరో గిట్టనివాళ్ళు చేయిస్తున్నారని వాళ్ళు అనుమానపడ్డారు. ఇది శకునం కాక మరేమిటని పెళ్ళికొడుకు నాయనమ్మ అన్నం మానేసింది. ముహూర్తం దగ్గర పడుతోంది, సంబంధం తెగేలా ఉంది, ఇంట్లో మేనకోడలు ముసుగు తన్ని పడుకుంది.

అన్నయ్య నా కొట్టుకి వచ్చి గుమ్మంలోంచే అరిచాడు. "అసలా పేజీయే ఉండకూడదు. తీసెయ్ ముందు! పెళ్ళయ్యాక మళ్ళీ పెట్టుకుందువు గాని, ఎవడొద్దన్నాడు?"

ఆ ఫోన్లన్నీ ఆ నంబరు దగ్గరికే వస్తామని మొండికేస్తున్నాయి కాబట్టి, ఆ నంబరులోనే పెళ్ళి పెట్టేస్తే సరిపోతుందని నాకు తట్టింది. పిన్ని పేజీ తెరిచి, ఆవిడ ఫొటో తీసేసి, పేరు తీసేసి, కింద జనం రాసిన మాటలన్నీ ఒక్క దెబ్బకి తుడిచేసి, అక్కడ మా మేనకోడలి శుభలేఖ అతికించాను. పాత చోట ఒక నకలు ఉంది కదా అనుకున్నాను. ఆ నకలు స్వయంగా నా చేత్తోనే తీసేశానని ఆ కంగారులో గుర్తు లేదు. మా ఇంటి పెళ్ళికి పసుపు దంచిన చెయ్యి ఎవరిదన్న ఆలోచన కూడా రాలేదు. పెళ్ళివారు చూశారు, శాంతించారు, విజయనగరంలో ఏదో పూజ చేయించుకున్నారు. పెళ్ళి దివ్యంగా జరిగింది. నేను పట్టుచీర కట్టుకుని, సమయస్ఫూర్తితో పెళ్ళి నిలబెట్టిన మేనత్తనని అందరి చేతా అనిపించుకుంటూ తిరిగాను.

మళ్ళీ పెట్టాలన్న సంగతి నాకు గుర్తే రాలేదు. నా సిగ్గంతా ఇక్కడుంది. కంగారులో చేసినదానికి ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు, మరిచిపోయినదానికి ఏం చెప్పను?

పిన్ని సంవత్సరీకం దగ్గర పడ్డాక చిన్నాన్న వచ్చాడు. సైకిలు స్టాండు వేసి, చేతిలో ఫోను పట్టుకుని, తనే ఏదో తప్పు చేసినట్టు నసుగుతూ లోపలికొచ్చాడు.

"అమ్మీ, ఈ ఫోను పాడైనట్టుంది సూడు. మీ పిన్ని కోసం నొక్కితే పెళ్ళోరొత్తన్నారు. నానేటైనా తప్పు నొక్కినానేటి?"

నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఆయన ఎదురుగానే వెతకడం మొదలుపెట్టాను. పాత చోట శుభ్రం. కొత్త చోట శుభ్రం. రాయపూర్‌కి ఫోను చేస్తే, వాళ్ళు దాచే నకళ్ళు కొన్నాళ్ళే ఉంటాయట, ఎప్పుడో చెరిగిపోయాయట. ఒకే సరుకు రెండు చోట్ల ఉండకూడదని అంత తాపత్రయపడినదాన్ని, ఒక్కచోట కూడా లేకుండా చేసి కూర్చున్నాను. ఫొటో అంటే వాళ్ళింట్లో గోడ మీద ఉంది, మళ్ళీ పెట్టొచ్చు. ఆ మాటలు ఎక్కడి నుంచి తేను? రాసినవాళ్ళలో కొందరు ఊరు విడిచారు, కొందరు లోకమే విడిచారు. నంబర్ల సంగతి, పెళ్ళివారి సంగతి, అన్నయ్య అరుపుల సంగతి అంతా చెప్పాను. ఏదీ దాచలేదు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే కాళ్ళ మీద పడదామని కూడా అనుకున్నాను.

ఆయన బల్ల అంచు నిమిరాడు.

"పోన్లేయే. శుభం ముందు గదా. మీ పిన్నున్నా అదే సెప్పును. పిల్ల బాగుందా, కడుపో కాయో ఏటైనా ఉందా?" అన్నాడు.

బాగుందన్నాను. టీ తెప్పిస్తే తాగలేదు. గుమ్మం దిగి చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఒక్క మాట తల్లీ. రేపు నాను పోతే నాది మాత్తరం పెట్టకు. మల్లీ ఏ పిల్ల పెళ్ళికి అడ్డం పడిపోతానో."

ఎత్తిపొడుపుగా అనలేదు. ఆయనకి ఎత్తిపొడవడం చాతకాదు. నిజంగానే, నాకు ఇబ్బంది కలగకూడదని అన్నాడు.

తర్వాత నేను సైటు మూసేశాను. టైపింగు కొట్టు కూడా పోయింది, ఆ గదిలో ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. మనవాళ్ళ కబుర్లన్నీ ఇప్పుడు గ్రూపులోనే. పొద్దున్న చావు కబురొస్తే మధ్యాహ్నానికి దాని మీద పది శుభాకాంక్షలు పడి కిందికి పోతుంది. శుభానికి అశుభం తగులుతుందన్న పట్టింపు ఇప్పటి పిల్లలకి లేదు, అది మంచిదే. కానీ పోయినవాళ్ళ గురించి ఎవరేం రాశారో మళ్ళీ మళ్ళీ చదివించుకుని వినే మనిషి కూడా నాకు ఈ మధ్య ఎక్కడా కనిపించలేదు.

చిన్నాన్న పోయినేడు పోయాడు. భిలాయి-3లో ఉన్న కూతురు దగ్గరుండి కర్మ చేయించింది, అందరికీ కబురు చెప్పడం మాత్రం ఎప్పటిలా నా పనేనని వదిలేసింది. నేను గ్రూపులో పెట్టలేదు, ఎవరికీ ఫోను చెయ్యలేదు, ఆయన మాట ఆయన మాటే అనుకున్నాను. పెదకర్మ నాడు కబురు తెలియక ఎవరూ రాలేదు, వేసిన విస్తళ్ళు వేసినట్టే ఉండిపోయాయి, వండిన అన్నం సాయంత్రం బస్తీలో పంచేశారు. ఇప్పటికీ బజారులో పాతవాళ్ళు ఎవరో ఒకరు నన్ను ఆపి, అయ్యో పోయాడా, అందరివీ చెప్పేదానివి, ఆయన సంగతి ఒక్క మాట చెప్పలేదేమమ్మా అని అడుగుతారు. ఆయనే వద్దన్నాడని చెప్పబోతాను. ఎందుకు వద్దన్నాడని అడుగుతారేమోనని, కూరగాయల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వచ్చేస్తాను.