మల్లయ్యల అర

ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే తలంటుకుని, నూనె రాసుకుని, బస్సెక్కి జనగామ దాకా వచ్చి చేసే పని. ఇప్పటిలాగా అన్నం తింటూ చేసే పని కాదు. అప్పుడే నేను డిగ్రీ పూర్తి చేసి, ఆ తెలివిని ఎక్కడ వాడాలో తెలియక, బస్టాండు ఎదుట ఉన్న మా మేనమామ ఫోటో స్టూడియోలో చేరాను. మామ నెగెటివ్‌లను చిన్న కవర్లలో పెట్టి, పాత బిస్కెట్ డబ్బాల్లో దాచేవాడు. డబ్బా మీద బస్సు పేరు ఉండేది: పాలకుర్తి పది గంటల బస్సు, పరకాల పొద్దుటి బస్సు, అలా. ఎవరొచ్చినా "ఏ బస్సుకొచ్చినవ్?" అని అడిగి, ఆ డబ్బాలో చెయ్యి పెట్టి తీసిచ్చేవాడు. నాకది ఒట్టి మోటు పద్ధతిగా తోచింది. మామ పెళ్లి ఫోటోలకు మానుకోట పోయిన నాలుగు రోజుల్లో, కవర్ల మీద ఆయన పెన్సిలుతో గీకిన పేర్లు చూసి, అన్నిటినీ బీరువా అరల్లో అక్షరాల వరసన పేర్చేశాను. ఖాళీ డబ్బాలు పక్కనున్న మిర్చిబజ్జీల అవ్వకు ఇచ్చాను (చల్లగుండు బిడ్డా అని దీవించింది, ఆ దీవెన ఎంత పని చేసిందో మీరే చూడండి).

ఐదో రోజు, మామ ఇంకా తిరిగి రాకముందే, మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒకామె నాలుగేళ్ల బిడ్డను చంకనేసుకుని వచ్చింది. తెల్లారితే ఆమె భర్తకు వరంగల్లులో ఏదో ఆఫీసులో చప్రాసీ కొలువుకు పిలుపు. ఆయనేమో జ్వరంతో మంచం మీదున్నాడు. "ఎట్లనన్న లేసి పోతడు సారు. ఫొటువ లేకుంటే లోపటికి రానియ్యరట. పోయిన నెల ఈడ్నే దిగిండు, మూడు కావాలె. రెండు గంటల బస్సు పోతే మల్ల రేపే" అంది. రసీదు ఏదని అడిగితే తల దించుకుంది. "అంగి జేబుల ఉండె. నేనే ఉతికిన."

నేను దర్జాగా బీరువా దగ్గరికి నడిచి, "జర పేరు చెప్పు అక్కా" అన్నాను. ఆమె నేల చూపులు చూసింది. "గదెట్ల చెప్పాలె సారు? ఇంటాయన పేరు." మా అమ్మ కూడా నాయిన పేరు ఏనాడూ పలికి ఎరగదు. బీరువా సర్దేటప్పుడు ఆ సంగతే తట్టలేదు. బిడ్డను అడిగాను, "మీ బాపు పేరేందమ్మా?" అని. "బాపు" అంది. (వేరే పేరేమన్నా ఉందా అంటే "బాపే" అని గదమాయించింది కూడా.) చివరకు తల్లి "కొమురెల్లి దేవుని పేరు" అని గొణిగింది. అంటే మల్లయ్య. మ అర లాగాను. జనగామ చుట్టుపక్కల ఇంటికో మల్లయ్య ఉంటాడని తెలుసు గానీ, వాళ్లంతా మా దగ్గరే ఫోటో దిగారని అప్పుడే తెలిసింది. ఊరి పేరు నేనెక్కడా రాయలేదు. పైగా స్టూడియోలో ఉన్నది ఒక్కటే కోటు. మల్లయ్యలందరూ అదే తొడుక్కుని కూర్చున్నారు.

ఒంటిగంట దాటింది. ఆమె ఎక్కాల్సిన పాలకుర్తి బస్సు వచ్చి ఎదురుగా నిలబడింది. నెగెటివ్‌లు ఒక్కొక్కటే కిటికీ వెలుగుకు పట్టి చూపించాను. "గీ తెల్లజుట్టు ముసలోళ్లంత ఎవరు సారు? మా ఇంటాయనకు ముప్పై ఏండ్లే" అంది. ఇందులో నలుపు తెలుపవుతుందని ఎంత చెప్పినా ఆమె పోల్చుకోలేకపోయింది. "కొలువొస్తే బిడ్డను బడికి తోలుదమనుకున్నం" అంది మెల్లగా. నిజంగా భయం వేసింది నాకు. నా అక్షరాల సోకుకు ఒక ఇంటి కూడు పోయేలా ఉంది. సగం మంది మల్లయ్యలు అయ్యాక చంకలోని పిల్ల వేలు చాపి "బాపు" అంది. నీకెట్ల తెలుసంటే, "గిట్ల ఉంటడు" అని మెడ పక్కకు వంచి చూపించింది.

నమ్మడం తప్ప దారి లేదు. తప్పయితే ఇంకొకటి కడిగే వ్యవధి లేదు. చీకటిగదిలో ఎర్రదీపం కింద కాగితం మీద ముందు కోటు తేలింది, తర్వాత మెడ, చిట్టచివరికి ముఖం. నీళ్లు కారుతున్న ఫోటో తెచ్చి చూపిస్తే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఈయనే" అంది. మూడోది కడిగేసరికి డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పరుగెత్తి, తడి ఫోటోలు కిటికీలోంచి అందించాను. బస్సు కదిలాక ఆమె చెయ్యి బయటకు చాపి వాటిని గాలికి పట్టుకుంది.

మామ వచ్చి అంతా విన్నాడు. తిట్టలేదు. "పేరు చెప్పనోళ్లు ఉంటరు అల్లుడా. ఏ బస్సుకొచ్చినవంటే చెప్పనోళ్లు ఉండరు" అన్నాడు. నేను పోయి అవ్వను బతిమాలి డబ్బాలు తెచ్చి, శెనగపిండి దులిపాను.

ఆరు నెలలకు ఖాకీ బట్టల్లో ఒకాయన మెడ పక్కకు వంచి మా గుమ్మంలో నిలబడ్డాడు. వెనుక ఆమె, పిల్ల చేతిలో పలక. ముగ్గురికీ కలిపి ఫోటో తీశాను. కవరు మీద పాలకుర్తి పది గంటల బస్సు అని రాసి, పేరు దగ్గర కాసేపు ఆగి, "బాపు" అని రాశాను.

మొన్న మా కోడలు నా పాత ఫోటోలన్నీ ఫోనులో ఎక్కించి, "పైన గడిలో పేరు కొట్టండి మామయ్యా, అదే వెతికి పెడుతుంది" అంది. బాపు అని కొట్టాను. ఏమీ రాలేదు. దాన్ని తయారు చేసినవాడు కూడా అప్పుడే డిగ్రీ పాసైన కుర్రాడై ఉంటాడు, పాపం.