ఉప్పుకి ఊడిన తెలుపు

డొంకూరు నేస్తాలూ, మన చిన్నప్పుడు ఇళ్ళ గోడల సున్నం ఎలా ఊడేదో గుర్తుందా? నిన్న పలాసలో మా తమ్ముడి బల్ల దగ్గర నాకు అది గుర్తొచ్చింది.

వాడికి చిన్న చిన్న ప్లాస్టిక్ యుద్ధ ట్యాంకులు తయారు చేయడం సరదా. మంచులో కనబడకుండా ట్యాంకుకు తెల్లరంగు వేస్తారట. ఆ రంగు అరిగి పాతబడినట్టు ఉండాలని ముందే ఉప్పు చల్లి, పైన తెలుపు కొట్టాడు. ఆరాక తడి బ్రష్షుతో రుద్దితే తెలుపు పెచ్చులుగా లేచింది.

"సూడే అక్కా, ఎంత బాగా ఊడిందో," అన్నాడు.

వాడు మేం డాబా కట్టుకున్నాక పుట్టాడు, వాడికేం తెలుసు? తాగడానికే మంచినీళ్ళు చాలక నాన్న సముద్రపు నీళ్ళతో సున్నం కలిపేవాడు. పండగ దాటకముందే ఆ ఉప్పుకి గోడ చెమర్చి, పొక్కి, రాలేది. గంజిలో పెచ్చులు, జడలో పెచ్చులు. బడికి బయలుదేరితే అమ్మ చేపలు కడిగిన చేత్తోనే నా వీపు దులిపేది. సున్నం, నీచు కలిసిన ఆ కంపుకి పక్కపిల్ల ముక్కు మూసుకుని బెంచీ చివరికి జరిగేది. మా ఇంట్లో మొదట బడికెళ్ళింది నేనే. ఆ కంపు భరించలేక బడి మానేస్తానని ఏడ్చాను కూడా.

"ఇంక గోకకురా," అన్నాను.

"యుద్ధానికెళ్ళిన బండి పెళ్ళికూతుర్లాగ మెరిసిపోతాదేటే?"

"మెరవనీ. మనింట్లో మళ్ళీ తెలుపు ఊడితే నేను సూడలేను."

నవ్వబోయినవాడు నా మొహం చూసి బ్రష్షు కింద పెట్టేశాడు.