నేను పూడ్పించిన గుంత

మీ వీధిలో గుంత ఉంది కదా, దాని లోపల ఏముందో ఎప్పుడైనా వంగి చూశారా? చూసి ఉండరు. నేనూ చూడలేదు. చూడకుండానే దాని మీద ఫిర్యాదు పెట్టి, ముప్పై ఇళ్లవాళ్ల శాపనార్థాలు ఒక్క పొద్దులో సంపాదించుకున్నాను. శాపాలు ఫలిస్తాయని నమ్మను గనక బతికిపోయాను.

కొన్నేళ్ల కిందట కడపలో ఒక మిట్టమీది సందులో అద్దెకు దిగాం. అప్పట్లో కాలేజీలో భౌతికశాస్త్రం, సాయంత్రాలు అరుగుల మీద హేతువాదం చెప్పేవాణ్ణి. రెండోదానికి ఎవరూ పిలవకపోయినా వెళ్లేవాణ్ణి. సందు మధ్యలో గుంత. ఎనుము పడుకుంటే కొమ్ములు మాత్రమే కనిపించేంత. వారం తిరక్కుండా నా స్కూటరు అందులో దిగింది.

అర్జీ రాసి ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఆ గుంత తప్పించడానికి రోజూ ఆటోను పాములా మెలికలు తిప్పే ఎదురింటి మస్తాన్ కూడా, "గుంతే కదా సార్, ఉండనీలే. మీదేమన్నా తింటాందా?" అన్నాడు.

పక్కింటి సుబ్బమ్మవ్వ అయితే, "దాని జోలికి పోవద్దు నాయనా. మా పాలిటి తల్లి అది" అంది.

వెళ్లి చూద్దును కదా, గుంత అంచున ఒక బండ, దానికి పసుపు, కుంకుమ, పైన బంతిపువ్వు. నా రక్తం ఉడికింది. రాళ్లకు మొక్కారు, చెట్లకు మొక్కారు, ఇప్పుడు రోడ్డు గుంతకు కూడానా? అక్కడే నిలబడి తలరాత అనే భ్రమ మీద గంటసేపు ఉపన్యాసం దంచాను. మస్తాన్ ఓపిగ్గా విని, "శానా బాగా చెప్తాండారు సార్. గుంత మాత్రం ఉండనీండి" అన్నాడు.

నేను ఆగితేనా! ఫోటో తీసి ఫిర్యాదు పంపాను. 'మూఢభక్తికి నిలయం' అని ఒక ముక్క తగిలించాను. మూడో రోజు మధ్యాహ్నం, జనం పనులకూ నా భార్య రమ తను పాఠాలు చెప్పే బడికీ పోయిన వేళ, లారీ వచ్చింది. సెలవు పెట్టి దగ్గరుండి పని చేయించాను. "లోపల పైపు కారుతాంది సార్" అన్నాడు మేస్త్రి. "గట్టిగా బిగించండి" అని ఆజ్ఞాపించాను. బిగించారు, కంకర వేశారు, తారు పోశారు. సాయంత్రం వచ్చినవాళ్లంతా రోడ్డును చూసి, నన్ను చూసి, మాటాడకుండా లోపలికి పోయారు. కృతజ్ఞతతో నోట మాట రాలేదనుకున్నాను.

తెల్లారి ఐదింటికి బిందెల మోత. బయటికొస్తే నున్నటి రోడ్డు చుట్టూ ఖాళీ బిందెలతో ఆడవాళ్లు. ముందు వరుసలో రమ.

"మిట్టకు నీళ్లెక్కవు నాయనా. మా కొళాయిల్లో గాలే వస్తాది" అంది సుబ్బమ్మవ్వ. "ఆ గుంతలో పైపు కాడ పెడితేనే బిందె నిండేది. నువ్వు లేసేది ఏడింటికి, నీకేం తెలుస్తాది?"

"ముందే చెప్పొచ్చు కదవ్వా."

"చెప్తే దానిమింద గూడా ఒక అర్జీ రాస్తావు."

రమ వైపు తిరిగాను. "నీకూ తెలుసా?"

"వచ్చినప్పటి నుంచి మీరు పోసుకుంటున్న నీళ్లు యాడివనుకున్నారు?"

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడి సంగతి సరే, పల్లం సంగతి భౌతికశాస్త్రం పంతులికైనా తెలియాలి కదా! ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారు. పూడ్చిన గోతిలో పడ్డవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

నెల రోజులు దిగువ వీధి నుంచి మా బిందె, అవ్వ బిందె నేనే మోశాను. మస్తాన్ ఆటో నిదానం చేసి, "రోడ్డు శానా నున్నగా ఉండాది సార్, నడిచేదానికి" అనేవాడు. సందు మొదట్లో, పల్లంలో, వీధి కొళాయి కావాలని మళ్లీ అర్జీ రాశాను. ఈసారి అందరూ సంతకాలు పెట్టారు. మొదటి వేలిముద్ర అవ్వది. కొళాయి వచ్చింది. తొలిరోజే అవ్వ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నా వైపు చూసింది. నేను బిందె కింద పెట్టి, పువ్వు అందించాను.

దేవుడి మీద ఒట్టు వేసే అలవాటు లేదు గనక ఆ బిందె మీదే ఒట్టు: వంగి చూడకుండా ఇంకే గుంతనూ ఉద్ధరించను. మీరు మాత్రం మీ వీధి గుంత మీద ఈరోజే ఫిర్యాదు పెట్టండి, ఊరుకోకండి. కానీ ముందు తెల్లారి ఐదింటికి లేచి, చేతిలో బిందె పట్టుకుని, దాని పక్కన నిలబడండి.