లారీ గుద్దిన తర్వాత

ఎయిర్‌పోర్టు బస్సులో నా పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ ఫోన్‌లో యానిమే, అదే జపాన్ కార్టూన్ కథ, చూస్తోంది. లారీ గుద్ది చనిపోయిన ఒక మామూలు గుమాస్తా వేరే లోకంలో కళ్లు తెరిచి, అక్కడ రాక్షసులకు అన్నం వండి పెడుతున్నాడు.

"ఈ కథల్లో అందరినీ లారీలే గుద్దుతాయేమండీ?" అన్నాను నవ్వుతూ.

"గందుకే చూస్తున్న అక్కా" అంది ఆవిడ.

మైలార్‌దేవ్‌పల్లి దాటాక బస్సు నెమ్మదించింది. ఆవిడ ఫోన్‌ను కిటికీకి ఆనించి, తెరను రోడ్డువైపు తిప్పి పట్టుకుంది. ఎందుకని అడిగాను.

"మా ఆయన్ను లారీ గుద్దింది గీడనే. అన్నం గూడ పెట్టుకొని తినరాదు ఆయనకు. కొత్త జాగల ఎట్ల బతకాల్నో ఆయన గూడ జర చూసి నేర్చుకోవాలె గద."

నా ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది.