కొట్టిన చెయ్యి, పట్టిన చెయ్యి

పోయిన వారం నందికొట్కూరు దారిలో లారీ గుద్ది మా మేనల్లుడు పోయాడు. మా అక్క కొడుకు. ముఖం మీద గుడ్డ తీస్తామంటే నేనే వద్దన్నాను. నాకు మాటలు తక్కువ, రాయడం ఇంకా తక్కువ. చదివేవాళ్లు సర్దుకోండి.

కోడుమూరు వేరుశనగ మండీలో నేను కాటా వేసేవాణ్ణి. చేతిరాత చీటీల్లో తూకం తగ్గిస్తున్నారని రైతులు కొట్లాడి, కంప్యూటర్ చీటీలు సాధించుకున్నారు. ఆ చీటీలు ఇచ్చే ప్రోగ్రాము చేసింది మావాడే. మండీ ఎదుటి గదిలో, కొత్త కంప్యూటర్ ముందు, బొరుగులు నములుతూ చేశాడు.

తీరా సంత రోజు మండీలోని పాత కంప్యూటర్లో అది తెరుచుకోలేదు. ప్రోగ్రాము తయారుచేసేటప్పుడు, అది ఎంత పాత ఆపరేటింగ్ సిస్టం నుంచి నడవాలో మనమే చెప్పాలట. చెప్పకుంటే, తయారుచేసే సాధనం తను ఉన్న కంప్యూటర్లోని కొత్తదాన్నే హద్దుగా పెట్టుకుంటుందట, అంతకన్నా పాతదాంట్లో తెరుచుకోదట. మావాడు చెప్పలేదు. తన దాంట్లో నడిచింది కదా అని ఊరుకున్నాడు.

"ఈ పొద్దుకు చేత్తో రాసిస్తాం," అన్నాడు మండీ షావుకారు.

"మళ్లా చేతిరాతనా? అది చెడిపోయిందా, నువ్వే చెడగొట్టినావా?" అని ఒక రైతు బల్లను తన్నాడు.

అంతే. రైతులు షావుకారును చొక్కా పట్టి కింద పడేశారు. మూతి మీద తన్నారు. పళ్లు రాలాయి. ఆ రైతు ఇనుప తూకపురాయి ఎత్తాడు. నేను కాటా పక్కన బిగుసుకుపోయాను. మావాడు పరుగెత్తుకొచ్చి షావుకారు మీద అడ్డంగా పడ్డాడు. రాయి వాడి చెవి పక్కన చీల్చింది.

"ఆయప్పను చంపొద్దండప్పా! తప్పు నాది. పాతదాంట్లో నడిపి చూడలే."

"ఎప్పుడు బాగు చేస్తావు రా?"

"కొట్టేది ఆపితే చేస్తా. కొడతానే ఉంటే ఎట్ల చేసేది?"

వెనక ఎవరో పకాలున నవ్వారు. పట్టుకున్న చేతులు సడలాయి.

మధ్యాహ్నానికి చీటీలు వచ్చాయి. షావుకారు బతికాడు. ఆ తర్వాత మావాడు ఏ అంగడికి పోయినా ముందు అడిగేది ఒకటే. "ఈడ అన్నిటికన్నా పాత కంప్యూటర్ యాడుండాది? అది చూపించప్పా." నేను నవ్వితే, "మనం నోరు తెరిచి చెప్పకుంటే అది దానికి తోచిందే చేస్తాది మామా," అనేవాడు.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే, ఆ రోజు బాగు చేయడానికి మావాడు కూర్చున్న ఎదుటి గదే కనిపిస్తోంది. పారిపోతాడేమోనని ఆ రైతు రాయితోనే వెంట వచ్చాడు. మావాడి మెడ మీదుగా రక్తం చొక్కాలోకి దిగుతోంది. కాసేపు చూసి, రైతు రాయి కింద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి గాయానికి అదిమాడు.

"శానా కారుతాండాది. నువ్వు పని చేసుకో, నేను పట్టుకుంటా."

వాడు తల వంచి టైపు చేస్తున్నాడు. తల ఎటు కదిలితే ఆ చెయ్యి అటు కదులుతోంది.